తెనాలి ప్లాట్‌ఫారం మీద పుస్తకాల పెట్టె

విశ్వవిద్యాలయం తన సిబ్బందికి ప్రశంసాపత్రాలు ఇవ్వడం ఇప్పుడు మామూలు సంగతి. ఏటా ఒక సభ, ఒక శాలువా, ఒక ఫొటో. గ్రంథాలయాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చినప్పుడు, మీ కాలంలో ఇలాంటివి ఉండేవా అని అడుగుతుంటారు. ఉండేవి. మొదటిసారి ఇచ్చినప్పుడు నేను ఆ హాల్లో ఉన్నాను. ఆ రోజు అందుకున్నవాళ్ళలో ఒకామె కిందటి ఏడు రేపల్లెలో పోయింది. చివరి చూపుకు వచ్చిన బంధువుల్లో చాలామందికి ఆమె బాపట్లలో అటెండరుగా పనిచేసిందని మాత్రమే తెలుసు. అంతకంటే తెలిసినవాళ్ళలో మిగిలింది నేనే కాబట్టి రాస్తున్నాను. పేర్లు రాయను. ఆమె ఉంటే తన పేరు వద్దనేది. మిగతావాళ్ళను అడుగుదామంటే వాళ్ళూ లేరు.

అరవైల చివరి సంవత్సరాల మాట. బాపట్లలో మా విశ్వవిద్యాలయానికి ఒక కాలేజీ ఉండేది. దాని గ్రంథాలయంలో నేను గుమాస్తాను. ఇల్లు తెనాలిలో. పొద్దున పాసింజరులో వెళ్ళి సాయంత్రం పాసింజరులో తిరిగి వచ్చేవాణ్ణి. నాతోపాటు ఆ బండిలో మా విద్యార్థులు బోలెడంతమంది ఉండేవారు. హాస్టల్లో ఉండే స్తోమత లేక ఇళ్ళ నుంచి వచ్చి వెళ్ళే పిల్లలు. వాళ్ళలో వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు వాళ్ళు తెనాలిలో దిగి మరో బండి పట్టుకోవాలి. ఆ రేపల్లె బండి తన ఇష్టం వచ్చినప్పుడు కదిలేది. అందాకా పిల్లలు ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవారు.

వీళ్ళకో కష్టం ఉండేది. చివరి క్లాసు అయ్యేసరికి బండి వేళ అయ్యేది. స్టేషనుకి పరుగెత్తితే దొరికేది, లేకపోతే లేదు. గ్రంథాలయంలో పుస్తకం తీసుకోవాలంటే వరసలో నిలబడాలి, చీటీ రాసివ్వాలి, లోపలి నుంచి పుస్తకం వచ్చేదాకా ఆగాలి. మధ్యలో విరామం దొరికినా అప్పుడు మా కౌంటరు కూడా విరామమే. పరీక్షల ముందు ఒక కుర్రవాడు బండిలో నాతో అన్నాడు: "పుస్తకాలు హాస్టలు వాళ్ళవండి. పాసింజరు మాది." నవ్వుతూనే అన్నాడు. ఆ ఏడు తప్పాడు.

ఆమె మా దగ్గర చేరింది ఆ తరవాతే. రేపల్లె దాటాక సముద్రం వైపు పల్లెకారుల ఊరు ఆమె పుట్టిల్లు. మా కాలేజీలోనే పనిచేసిన భర్త జబ్బు చేసి పోతే, ఆయన స్థానంలో ఆమెను తాత్కాలికంగా తీసుకున్నారు. ఏటికేడు పొడిగిస్తూ పోయే ఉద్యోగం. కాపురం రేపల్లెలో. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు. పై అధికారి ఒక్క మాట వ్యతిరేకంగా రాస్తే మరుసటి వేసవికి ఉద్యోగం ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, మా అందరికీ తెలుసు. పెళ్ళికి ముందు, భర్త పోయిన కొత్తలో కూడా, తల్లితో కలిసి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగింది. తెలుగు బాగా చదివేది. ఇంగ్లీషు పుస్తకాల పేర్లు కూడబలుక్కుని చదివేది.

ఒక సాయంత్రం తెనాలి ప్లాట్‌ఫారం మీద పిల్లల్ని చూస్తూ నన్ను అడిగింది.

"వీళ్ళు రోజూ ఇంతసేపు ఊరికే కూర్చుంటారా అండి?"

"ఏం చేస్తారక్కా, బండి రావాలిగా."

"పుస్తకాలేమో అక్కడ బీరువాల్లో ఊరికే కూర్చుంటాయి. రెంట్లో ఒకటి కదలాలి కదండి."

"నియమాలు ఒప్పుకోవు."

"మా అమ్మ చేపలు కొనుక్కోడానికి సముద్రం దగ్గరికి రండని ఎవర్నీ పిలవలేదండి. ఆవిడే ఇంటింటికీ వెళ్ళింది."

ఈ మాట నేను మా గ్రంథాలయాధికారి దగ్గరికి మోసుకెళ్ళాను. ఆయన గురించి చెప్పాలి. మే నెలలో కూడా కోటు విప్పని మనిషి. నియమావళి అంతా నోటికి వచ్చు. పుస్తకం గడువు దాటిందని స్వయానా ప్రిన్సిపాలుకి చీటీ పంపినవాడు. ఆయన నా మాట విని, చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే కాదని అర్థం. కానీ కొన్నాళ్ళ తరవాత పిలిచి, ప్రయోగంగా అనుమతిస్తున్నానన్నాడు. రెండు షరతులు. పుస్తకాలు మన విద్యార్థులకే ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిదానికీ కార్డు ఉండాలి.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం ఒక రేకు పెట్టెలో పుస్తకాలు సర్దేవాళ్ళం. ముందురోజు పిల్లలు అడిగినవి, మేము ఊహించినవి కొన్ని. స్టేషను దాకా రిక్షా, అక్కడి నుంచి బండి. తెనాలిలో దిగాక పెట్టెను ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి నాకు ఆయాసం వచ్చింది. ఆమె నా అవస్థ చూసి, పైటచెంగు చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. "కాస్త ఎత్తండి" అంది. ఎత్తాను. పెట్టె నెత్తికెత్తుకుని, చేతులు వదిలేసి నడిచింది.

మొదటిరోజు పెట్టె తెరిచి పక్కన నిలబడ్డాం. ఒక్కరూ రాలేదు. కాలేజీ వాళ్ళు తమ కోసం అంత దూరం పుస్తకాలు తెస్తారని పిల్లలు అనుకోలేదు. ఆమె కాసేపు చూసి గొంతు సవరించుకుంది. "కెమిస్ట్రీ, బాబూ, కెమిస్ట్రీ. బోటనీ ఉంది, కొత్తది, ఇంకా పేజీలు కోయలేదు. రండి నాయనా, మళ్ళీ రేపటికి ఉండదు." చేపలు అమ్మినట్టే పిలిచింది. నేను సిగ్గుతో అటు తిరిగాను. పిల్లలు మూగారు.

"పిన్నీ, ముళ్ళు లేనివి ఏమన్నా ఉన్నాయా?" అన్నాడొకడు.

"ముళ్ళు లేనివన్నీ పొద్దున్నే అయిపోయినాయి నాయనా. ఫిజిక్సు మిగిలింది, తీసుకుంటావా?"

అంతే. నెల తిరిగేసరికి ఆమె గొంతు కోసం ఎదురుచూసేవారు.

అయితే ఆమె తెచ్చుకున్న అలవాట్లలో ఒకటి మా షరతులకు పడనిది. చేపలమ్మేవాళ్ళు మిగిలిన సరుకు ఇంటికి తీసుకుపోరు. చీకటి పడేలోగా ఎవరో ఒకరికి ఇచ్చి ఖాళీ బుట్టతోనే గడప తొక్కాలి. పెట్టెలో పుస్తకాలు మిగిలితే ఆమెకు తోచేది కాదు. నన్ను తెనాలిలో వదిలేసి ఆమె రేపల్లె బండి ఎక్కేది కదా, దారిలో ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళకు ఇచ్చేసేది. వేమూరులో దిగే ఆసుపత్రి నర్సమ్మకు, భట్టిప్రోలు బళ్ళో పంతులుగారికి, రైసుమిల్లులో ఫిట్టరుకి. వాళ్ళెవరూ మా విద్యార్థులు కారు. పొద్దున బండిలో వాళ్ళు తిరిగి ఇచ్చేవారు. కార్డులు నేనే చూసేవాణ్ణి కాబట్టి కొన్నాళ్ళకే నాకు తెలిసింది.

"ఇది తెలిస్తే ఊరుకోరక్కా" అన్నాను.

"తెలియదులెండి. తిరిగొస్తన్నాయి కదా."

"తిరిగి రావడం కాదు. ఇవ్వడమే తప్పు."

ఆమె నాకేసి చూసి, "చదువుకుంటానంటే ఇవ్వడం తప్పెట్టా అవుద్దండి?" అంది.

ఆ ఏడాదే విశ్వవిద్యాలయం నుంచి సర్క్యులరు వచ్చింది. పనిచేసేచోట కొత్త పద్ధతి ప్రవేశపెట్టిన సిబ్బందిని గుర్తిస్తారట, అందుకు దరఖాస్తులు పంపమని. హోదాతో నిమిత్తం లేదని ప్రత్యేకంగా రాశారు. నేను ఆమె పేరు పంపుదామన్నాను. గుర్తింపు వస్తే ఉద్యోగం ఖాయం చేయమని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఆమె వద్దంది.

"చూడ్డానికి మనుషులొస్తారు. చూస్తే అన్నీ చూస్తారు. ఉన్నది ఉండనివ్వండి."

ఆమె భయం నిజమైనదే. కానీ వేసవి దగ్గర పడుతోంది, ఆ ఏడు తాత్కాలిక ఉద్యోగాలు పొడిగించరన్న పుకారు కూడా పుట్టింది. పుకారు విన్నాక ఆమే ఒప్పుకుంది. గ్రంథాలయాధికారి సంతకం పెట్టాడు. రైల్లో నర్సమ్మ సంగతి ఆయనకు తెలియదు.

చూడటానికి ఇద్దరు వచ్చారు. ఒకరు వయసు మళ్ళిన ప్రొఫెసరు, రెండోవారు విశ్వవిద్యాలయం ఆఫీసు నుంచి వచ్చిన అధికారి. వాళ్ళు తెనాలి ప్లాట్‌ఫారం మీదికే వచ్చి చూస్తామన్నారు. ఆ వార్త వినగానే మా గ్రంథాలయాధికారి ఏర్పాట్లు మొదలుపెట్టాడు. పెద్దవాళ్ళు వస్తున్నారంటే మనం చేసే ఏర్పాట్లు మీకు తెలిసినవే. స్టేషను మాస్టరును బతిమాలి ఒక బల్ల తెప్పించాడు. దాని మీద తెల్లగుడ్డ పరిపించాడు. ఆమెకు ఖాకీ కోటు కుట్టించాడు. నన్ను రిజిస్టరు పట్టుకుని బల్ల వెనక నిలబడమన్నాడు. ఆయన టై కూడా కట్టుకున్నాడు. ముఖ్యంగా ఆమెతో, "ఈ రోజు అరవకూడదమ్మా" అన్నాడు.

మేము ముందు బండిలో వచ్చి, దిగే దారికి అడ్డంగా బల్ల వేసుకుని సిద్ధంగా నిలబడ్డాం. పాసింజరు వచ్చి ఆగింది. పిల్లలు తలుపుల్లోంచి తొంగిచూశారు. బల్ల, రిజిస్టరు, ఖాకీ కోటు, టై కట్టుకున్న ఆయన, పక్కన మరో ఇద్దరు పెద్దమనుషులు. లోపలెవరో "చెకింగ్" అన్నారు. సీజను టిక్కెట్టు గడువు దాటిపోయినవాళ్ళు ఆ బండిలో ఎప్పుడూ కొందరు ఉంటారు. వాళ్ళు అవతలి తలుపులోంచి పట్టాల మీదికి దూకారు. వాళ్ళను చూసి టిక్కెట్టు ఉన్నవాళ్ళూ దూకారు. రెండు నిమిషాల్లో బండి ఖాళీ. మా బల్ల దగ్గరికి ఒక ముసలాయన మాత్రం వచ్చి, జేబులోంచి టిక్కెట్టు తీసి నా ముందు పెట్టాడు.

"మీ పాఠకులు ఎక్కడండి?" అన్నాడు ప్రొఫెసరు. వెటకారం కాదు, మామూలుగానే అడిగాడు. గ్రంథాలయాధికారి తెల్లగుడ్డ కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆఫీసు అధికారి చేతి గడియారం చూసుకున్నాడు. అప్పుడే రేపల్లె బండిని అవతలి ప్లాట్‌ఫారం మీదికి తెచ్చిపెట్టారు. ఆమె పెట్టె కేసి చూసింది. మూత దాకా నిండుగా ఉంది. నాకు ఆమె ముఖం చూస్తే అర్థమైంది. ఖాకీ కోటు విప్పింది, మడిచింది, గ్రంథాలయాధికారి చేతిలో పెట్టింది. పైటచెంగు చుట్టి నెత్తిన పెట్టుకుంది. నేను బల్లకు అటు పక్క ఉన్నాను. దగ్గరగా ఉన్నది ఆఫీసు అధికారి.

"కాస్త ఎత్తు బాబూ" అందాయనతో.

ఆయన ఆలోచించలేదు. వంగి, పెట్టె ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు. పెట్టాక తన చేతులకేసి చూసుకున్నాడు.

ఆమె రేపల్లె బండి పక్కన కేకవేస్తూ నడిచింది. మేము నలుగురం వెనక. ఒక్కొక్క కిటికీలోంచీ తలలు బయటికొచ్చాయి.

"పిన్నీ, చెకింగ్ పోయిందా?"

"చెకింగ్ కాదురా, మనవాళ్ళే. సోకు చేసుకొచ్చారు."

ప్రొఫెసరు నవ్వాడు. మా గ్రంథాలయాధికారి కూడా నవ్వాడని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు, నేను చూడలేదు. పిల్లలు కిటికీల్లోంచి పాత పుస్తకాలు ఇస్తున్నారు, కొత్తవి తీసుకుంటున్నారు. నేను పరుగెడుతూ కార్డులు తీస్తున్నాను. ఇంజను కూత వేసింది. ప్రొఫెసరు ఏమనుకున్నాడో బండి ఎక్కేశాడు. ఆయన ఎక్కితే అందరం ఎక్కక తప్పలేదు.

లోపల ఆమె భయపడినదంతా జరిగింది. నర్సమ్మ మామూలుగా వచ్చి, చదివేసిన బోటనీ పుస్తకం చేతికిచ్చి, "అక్కా, దీని రెండో భాగం ఉందా?" అని అడిగింది.

ఆఫీసు అధికారి ముందుకొచ్చాడు. "ఈమె మన విద్యార్థినా?"

బొంకడానికి వీలుంది. మన దగ్గర చదివే చెల్లెలి కోసం తీసుకెళ్తోందనవచ్చు. నేను ఆ మాట నోటి చివరిదాకా తెచ్చుకున్నాను.

"కాదండి" అంది ఆమె. "వేమూరు ఆసుపత్రిలో నర్సమ్మ."

"మరి పుస్తకం ఎలా ఇచ్చారు?"

"మిగిలినాయండి. ఈమె చేతిలో ఏమీ లేదు."

"పోతే ఎవరిది బాధ్యత?"

"నాదేనండి. ఇప్పటిదాకా ఒకటే పోయింది. అది మన కాలేజీ పిల్లోడే పారేశాడు. వీళ్ళవి ఒక్కటీ పోలేదు."

ఆమె పెట్టె మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఆ అధికారి ఒక్క వాక్యం రాసుకుంటే చాలు, వేసవికి ఆమె ఇంట్లో ఉంటుంది. ఆయన మా గ్రంథాలయాధికారి వైపు తిరిగాడు. "బయటివాళ్ళకు ఇవ్వడానికి అనుమతి ఎవరిచ్చారు?"

నేను ఆయన దగ్గర చాలాకాలం పనిచేశాను. నాకు తెలుసు ఆయన అబద్ధం చెప్పడని. తాను పెట్టిన షరతులు కూడా ఆయన మరిచిపోడు. ఆయన ఖాకీ కోటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎవరూ ఇవ్వలేదు" అన్నాడు. "ఇప్పుడు ఇస్తున్నాను. మన నియమావళిలో ఒక నిబంధన ఉంది. బయటి పాఠకుణ్ణి గ్రంథాలయాధికారి తన సొంత పూచీ మీద చేర్చుకోవచ్చు. నేను ఎప్పుడూ వాడలేదు. వాడాల్సిన పని పడలేదు." జేబులోంచి కలం తీసి నాకేసి చూశాడు. "కార్డులివ్వవయ్యా."

కదులుతున్న బండిలో, నిలబడే ఊగుతూ, నర్సమ్మ పేరు, ఊరు అడిగి కార్డు రాశాడు. పూచీదారు అన్నచోట సంతకం పెట్టాడు. తరవాత పంతులుగారికి. తరవాత ఫిట్టరుకి. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఆ కార్డుల మీద మాత్రం కోడి కెలికినట్టుంది. ఆఫీసు అధికారి అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచాడు. నిబంధన ఉందో లేదో చూసుకోవాలన్నాడు. ప్రొఫెసరు, "ఉందండి, ఆ నియమావళి రాసినవాళ్ళలో నేనొకణ్ణి. ఎవరైనా వాడతారేమోనని ఇన్నాళ్ళూ చూస్తున్నాను" అన్నాడు. వేమూరులో మేము దిగి వెనక్కి వచ్చే బండి కోసం కూర్చున్నాం. ఆమె రేపల్లె వెళ్ళిపోయింది, పెట్టె ఖాళీ చేసుకుని.

గుర్తింపు పొందినవారి జాబితా వేసవిలోగా వచ్చింది. ఆమె పేరు ఉంది. ఉద్యోగం ఖాయం చేయమన్న సిఫార్సు కూడా దానితోనే వచ్చింది. చివర, ఖాకీ కోటు తొడగనక్కర్లేదని ఒక వాక్యం. అది ఎవరు చేర్చారో తెలియదు, కానీ ఆ వాక్యం కింద ఉన్నది ఆఫీసు అధికారి సంతకమే.

సభ మా కాలేజీలోనే పెట్టారు, మధ్యాహ్నం పూట. జాబితాలో ఉన్నవాళ్ళలో ఆచార్యులు, ప్రయోగశాలవాళ్ళు, ఒక ఇంజినీరు ఉన్నారు. హోదా ప్రకారం పిలుస్తారు కాబట్టి అటెండరు చివర. ఉపన్యాసాలు సాగాయి. శ్రమ గౌరవం గురించి ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. చెప్పింది మంచిదే, కానీ బాపట్లలోనే కాపురముండేవాళ్ళకు బండి వేళలు గుర్తుండవు. ఆమె నా పక్కన కూర్చుని గోడ గడియారం కేసి చూస్తోంది. పెట్టె మా కాళ్ళ దగ్గర ఉంది. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆ సాయంత్రం పెట్టె వెళ్ళకపోతే ఇబ్బంది పడే పిల్లలు చాలామంది ఉన్నారు.

"నేనెళ్తానండి" అంది. "కాగితం మీరు తీసుకురండి."

"నా చేతికిస్తే అది గుర్తింపు కాదక్కా."

"పిల్లలు చూస్తంటారు."

లేచింది. నేనూ లేచాను, ఆపడానికో వెంట వెళ్ళడానికో నాకే తెలియదు. వేదిక మీద జాబితా పట్టుకుని కూర్చున్నది ఆ ఆఫీసు అధికారే. మమ్మల్ని చూశాడు. గడియారం చూశాడు. ఆ రెంటికీ సంబంధం ఆ వేదిక మీద తెలిసినవాడు ఆయనొక్కడే. లేచి, మాట్లాడుతున్న పెద్దమనిషి భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన మాట మధ్యలో ఆగిపోయాడు.

"క్షమించాలి" అన్నాడు అధికారి మైకులో. "తెనాలి బండికి టైమైంది. జాబితా చివరి నుంచి మొదలుపెడదాం."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ముందు వరసలో ఉన్న ఆచార్యులు కాళ్ళు పక్కకు తీసి దారిచ్చారు. ఆమె చెప్పులు వదిలేసి వేదిక ఎక్కింది. కాగితం రెండు చేతులతో అందుకుంది, అందరికీ ఒకసారి దణ్ణం పెట్టింది, మాట్లాడమంటే తల అడ్డంగా ఊపింది. దిగి వచ్చి కాగితం పెట్టెలో పుస్తకాల మీద పెట్టి మూత వేసింది. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని బయటికొచ్చాం. వరండా దాటి, మెట్లు దిగి, గేటు దగ్గర రిక్షా ఎక్కేదాకా వెనక చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"మనం వచ్చేశాంగా, ఇంకా ఎవరికి కొడుతున్నారండి?"

"మీకే."

రిక్షా కదిలింది. ఆమె పెట్టెను దగ్గరికి జరుపుకుని, "గట్టిగా తొక్కు అబ్బాయ్, బండెళ్ళిపోద్ది" అంది.